మూడు మిల్లీమీటర్ల చిల్లు: 30 మినిట్స్ మిషన్స్‌తో మూడేళ్ల కిట్‌బాషింగ్

జపాన్ బొమ్మల కంపెనీ బందాయ్ 2019లో తెచ్చిన 30 మినిట్స్ మిషన్స్ అనే ప్లాస్టిక్ రోబో కిట్లను మూడేళ్లుగా అదే కంపెనీ హైగ్రేడ్ గండమ్ రోబో కిట్లతో కలిపి వాడుతున్నా. ఇలా వేర్వేరు కిట్ల భాగాలు కలిపి కొత్త బొమ్మ కట్టడమే కిట్‌బాషింగ్. పెట్టెలో ఉన్నది ఉన్నట్టు కడితే వీటిలోని ఆల్టో, పోర్టానోవా మోడళ్లు రెండూ సాదాసీదా రోబోలే. విప్పి కలపడం మొదలుపెట్టాకే వాటి పస తెలుస్తుంది. రెండూ 1/144 స్కేలే (అసలు రోబో సైజులో 144వ వంతు), ఒళ్లంతా 3 మి.మీ. చిల్లులు. ఒకదాని చేయి తీసి ఇంకోదానికి పెడితే జిగురు లేకుండానే కూర్చుంటుంది.

గన్‌ప్లా (గండమ్ ప్లాస్టిక్ కిట్ల) భాగాలతో కలిపేటప్పుడే అసలు పని. రోబో వీపు సంచికి రెండు పెగ్గులు (చిల్లులో దూరే పొడుచుకొచ్చిన ముక్కలు) ఉంటే వాటి మధ్య దూరం కిట్టుకో తీరుగా ఉంటుంది. ముందు కాలిపర్ అనే కొలత పరికరంతో కొలవండి. కొత్త చిల్లు వేయాల్సొస్తే సూదితో గుర్తు పెట్టి 1 మి.మీ., తర్వాత 2, చివర 2.9 డ్రిల్ బిట్ వాడాలి, అదీ చేత్తో తిప్పే చిన్న డ్రిల్ పిన్‌వైస్‌తోనే. నేరుగా 3 వాడితే బిట్ పక్కకు జారుతుంది, చేతి వణుకు కలిసి చిల్లు వదులవుతుంది. కరెంటు డ్రిల్‌కైతే ప్లాస్టిక్ కరిగి అంచు ముద్దయిపోతుంది.

ఏ ప్లాస్టికో రన్నర్ (భాగాలు అతుక్కుని వచ్చే ఫ్రేమ్) అంచునే అచ్చయి ఉంటుంది, చాలామంది చూడరు. పీఎస్ (పాలీస్టైరీన్)కి పల్చటి ప్లాస్టిక్ సిమెంట్ అనే జిగురు బాగా పడుతుంది. పాలీక్యాప్ (కీళ్లలో పెట్టే మెత్తటి ముక్క) పీఈ, అంటే పాలిథిన్, కాబట్టి సిమెంట్ పనిచేయదు, రంగూ నిలవదు. ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్‌తో మాత్రం జాగ్రత్త. పెగ్గు బిగుతుగా ఉన్నచోట ఎనామెల్ ప్యానెల్ లైనర్ (గాడుల్లో గీతలు తేల్చే పల్చటి రంగు) దిగిందా, తెల్లారేసరికి సన్నటి పగులు కనిపిస్తుంది. గీతలు వేసే ముందు ఆ భాగాలు ఊడదీయడమే మందు.

పదేపదే తీసి పెడితే జిగురు లేకుండా నొక్కి బిగించే ఏ స్నాప్‌ఫిట్ జాయింటైనా వదులవుతుంది. పెగ్గు మీద ఫెవిక్విక్ ఒక్క చుక్క, టూత్‌పిక్‌తో చుట్టూ పల్చగా పులిమి, ఒక రాత్రి ఆరనివ్వండి. పైకి ఆరినట్టే ఉందని గంటకే దూర్చితే ఆ చేయి ఇక ఈ జన్మకి ఊడదు. మరీ బిగుసుకుంటే వెయ్యి నంబరు ఎమ్రీ కాగితంతో రెండు మూడు రాపిళ్లు చాలు.

పెద్ద రెక్కలు తగిలిస్తే బొమ్మ వెనక్కి పడుతుంది. తప్పు నడుముదని దాన్ని బిగిస్తూ కూర్చుంటారు గానీ, లోపం బరువులో ఉంది. పాదం అడుగున బోలు ఉంటే ఎం-సీల్ రెండు ముద్దలూ సమంగా పిసికి, మధ్యలో ఒక చిన్న ఇనుప నట్టు పెట్టి దట్టించండి. బోలూ పూడుతుంది, కాలూ నిలబడుతుంది. చీలమండ కీలు బంతి దగ్గరికి మాత్రం ఎం-సీల్‌ని రానివ్వకండి.

చివర్లో మెరుపు తగ్గించే మ్యాట్ టాప్‌కోట్ స్ప్రే వానాకాలంలో, అందులోనూ విశాఖ, కాకినాడ లాంటి చోట్ల, ముసురు పట్టిన రోజున కొట్టకండి. తేమకి పైన పాలపొరలా తెల్లబడుతుంది.

కొనేవాళ్లకి ఒక మాట: ఒకే కిట్ తెచ్చుకుంటే కలపడానికి ఏమీ ఉండదు. ఒక కిట్, ఒక ఆప్షన్ ఆర్మర్ (పైన తొడిగే అదనపు కవచం) సెట్, పిన్‌వైస్, 1, 2, 2.9 బిట్లు. ఇంతటితో మొదలుపెట్టొచ్చు.