రెండు క్లెబ్సియెల్లాలు: దేనికి ఎక్కువ భయపడాలి?

కర్నూలులో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. పొద్దున్నే కల్చర్ ప్లేట్లు (రోగుల నమూనాల నుంచి సూక్ష్మజీవులను పెంచే పళ్లేలు) తీస్తే తరచూ కనబడేది క్లెబ్సియెల్లా అనే బాక్టీరియా. పేరొకటే గానీ, తీరు రెండు రకాలు.

ఒకటి ఐసీయూలో వెంటిలేటర్ మీదో, యూరిన్ పైపుతోనో ఉన్నవాళ్లను పట్టుకుంటుంది. దాని బలమంతా మందులకు లొంగకుండా చేసే ఎన్‌డీఎం లాంటి నిరోధక జన్యువుల్లో ఉంది. మెరోపెనెమ్ అనే బలమైన యాంటీబయాటిక్‌ను కూడా ఎంజైముతో పనికిరాకుండా చేసేస్తుంది. మామూలుగా ప్లేటు మీద పెట్టే మందు అద్దిన కాగితపు బిళ్ల చుట్టూ బాక్టీరియా పెరగని ఖాళీ వలయం ఏర్పడాలి. ఇది బిళ్ల అంచుదాకా పెరిగిపోతుంది. అది చూసిన రోజు నాకు అన్నం సహించదు.

రెండోది ఆసుపత్రి ముఖం చూడనివాళ్లనూ వదలదు. షుగర్ ఉంటే మరీను. కాలేయంలో చీముగడ్డ కడుతుంది, ఒక్కోసారి కంటిదాకా పాకుతుంది. లూప్ అనే చిన్న పరికరంతో కాలనీని (ప్లేటు మీద పెరిగిన బాక్టీరియా ముద్దను) తాకి పైకెత్తితే తీగపాకంలా సాగుతుంది. ఆ తీగ 5 మిల్లీమీటర్లు దాటితే అనుమానించాల్సిందే. కాకపోతే చాలా మందులకు లొంగుతుంది.

అందుకే నాకు మొదటిదంటేనే ఎక్కువ భయం. అంతకన్నా భయం, రెండు రకాల జన్యువులూ కలిసిన క్లెబ్సియెల్లా అంటే. ఒక బాక్టీరియా నుంచి ఇంకోదానికి చేరగల చిన్న డీఎన్‌ఏ ముక్కలైన ప్లాస్మిడ్ల ద్వారా అవి ఒకే బాక్టీరియాలో చేరగలవు. తీగ సాగి, వలయమూ లేకపోతే రిపోర్టు ప్రింటయ్యేదాకా ఆగను. వెంటనే వార్డుకు ఫోన్ చేసేస్తాను.