బెంగళూరు వడ్రంగి షెడ్డుకు ఏది మేలు: ఇనుప పొయ్యా, రాకెట్ మాస్ హీటరా?

బెంగళూరులో జనవరి తెల్లవారుజామున చలి 15 డిగ్రీల దాకా దిగుతుంది, మధ్యాహ్నానికి 27 దగ్గరికి ఎక్కుతుంది. మైసూరు రోడ్డు వైపు రేకుల షెడ్డులో పొయ్యి పెట్టాలనుకునేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: వేడి ఏ వేళకు కావాలి?

పొద్దున్నే చేతులు కొంకర్లు పోకుంటే చాలనుకుంటే, 4 మి.మీ. ప్లేటుతో వెల్డింగ్ చేయించిన ఇనుప పొయ్యి సరిపోతుంది. అంటించిన పావుగంటకే సెగ తగులుతుంది. మంట ఆరగానే చల్లబడుతుంది. అప్పటికి ఎండెక్కుతుంది గనుక అదేం లోపం కాదు. అద్దె షెడ్డయితే విప్పి పట్టుకుపోవచ్చు. గొట్టం మాత్రం నిటారుగా కప్పు దాటి, కొప్పు కంటే 2 అడుగులు పైకి పోవాలి.

మంట వేడిని మట్టి అరుగులో నిలవ చేసే రాకెట్ మాస్ హీటరు లెక్క వేరు. కట్టెలు నిలువుగా దిగే నోరు, అడ్డంగా మంట దారి, దాని చివర మంట పైకెగసే నిలువు దారి (రైజరు), రైజరుపై బోర్లించిన 200 లీటర్ల డ్రమ్ము, అక్కణ్ణుంచి మట్టి అరుగులో సాగి చిమ్నీకి పోయే గొట్టం. 6 అంగుళాల గొట్టానికి లోపలి వైశాల్యం 28 చదరపు అంగుళాలు. దారిలో ఎక్కడా అంతకు తగ్గకూడదు. చాలామంది తప్పేది డ్రమ్ము నుంచి అరుగులోకి తిరిగే మలుపు దగ్గర. అక్కడ ఇరుకైతే పొగ నోట్లోంచే వెనక్కి తన్నుతుంది. రైజరు పై అంచుకూ డ్రమ్ము పైభాగానికీ మధ్య 2 అంగుళాల సందు ఉంచాలి. రైజరుకు ఇనుప గొట్టం పెడితే ఆ వేడికి పొరలుగా రాలిపోతుంది. ఫర్నేసుల్లో వాడే తేలికపాటి ఇన్సులేషన్ ఇటుకలు పేర్చాలి. డ్రమ్ము రంగును ముందే ఆరుబయట కాల్చేయాలి.

6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, ఒకటిన్నర అడుగు ఎత్తున్న అరుగుకు సుమారు 750 కిలోల మట్టి పడుతుంది. దాన్ని 25 డిగ్రీలు వేడెక్కిస్తే ఇంచుమించు 5 యూనిట్ల కరెంటంత వేడి నిలవ ఉంటుంది. కానీ గొట్టం మీది మట్టి ఒక్కో అంగుళం దాటడానికి వేడికి దాదాపు గంట పడుతుంది. 5 అంగుళాల మట్టి వేసి పొద్దున్న అంటిస్తే, అరుగు వెచ్చబడేది ఫ్యాను వేసుకునే వేళకే! సాయంత్రం 6 నుంచి 8 దాకా కాల్చి, నిప్పులు పూర్తిగా బూడిదయ్యాక తాళం వేయాలి. నిప్పులుండగానే గొట్టం మూస్తే కార్బన్ మోనాక్సైడ్ షెడ్డులో నిండుతుంది.

ఆ రాత్రి వేడి ఎవరికి అక్కర? ఎపాక్సీ జిగురు పని రోజూ ఉన్నవాళ్లకు. 10 డిగ్రీలు తగ్గితే అది గట్టిపడే సమయం దాదాపు రెట్టింపవుతుంది. జిగురు పెట్టి క్లాంపులు బిగించిన ముక్కలను అరుగు మీదే ఉంచి దుప్పటి కప్పాలి. రేకుల కింద గాలిని వెచ్చబెట్టడం దండగ. నెలకోసారి జిగురు పనికైతే ఇదంతా ఎందుకు, బల్బు పెట్టిన చెక్కపెట్టె చాలు.

ప్లైవుడ్, ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమిన పలక) ముక్కలు, మందు పట్టించిన కలప రెంటిలోనూ వేయకూడదు. పాలిష్, థిన్నర్ వాడే గదిలో రెండూ పనికిరావు. రంపపు పొట్టు విషయంలో తలుపున్న ఇనుప పొయ్యిదే పైచేయి. రాకెట్ నోరు నేల దగ్గర తెరిచే ఉంటుంది, చుట్టూ 3 అడుగుల మేర ఇటుక పరిచి రోజూ ఊడవాలి.

కొత్త అరుగు తడారేదాకా కొన్ని వారాలు చిన్న మంటలే వేయాలి. జనవరికి కావాలంటే మట్టి పని నవంబరులోనే అయిపోవాలి.