మరియ పాట మన గుడిలో: అనువాదమా, కీర్తనా, నాట్ల పాట బాణీయా?

నవంబరు రెండో ఆదివారం దగ్గర పడిందంటే హన్మకొండ, కాజీపేట, పరకాల వైపు క్రైస్తవ గుడుల నుంచి నాకు ఒకటే ప్రశ్న వస్తుంది. "అన్నా, దళిత విమోచన ఆదివారానికి న్యాయం మీద పాట కావాలె. ఇంగ్లిష్ పాటను తెలుగు చేసుకుందామా, పాత కీర్తన పాడుదామా, మనమే ఒకటి కట్టుకుందామా?" దళితుల న్యాయం కోసం గుడుల్లో ప్రత్యేకంగా ఆరాధన జరుపుకునే రోజది. పోయినేడాది మా గుడి పాటల బృందం, అదే మా క్వయర్‌లో కూడా ఇదే తేల్చుకోవలసి వచ్చింది. మేం ఏం చేశామో, ఎందుకు చేశామో చెబుతాను.

న్యాయం మీద రాసిన పాటను నేను ఒక్క వచనంతో తూస్తాను. బైబిల్లో లూకా సువార్త మొదటి అధ్యాయంలో యేసు తల్లి మరియ పాడిన పాట, 53వ వచనం. దేవుడు ఆకలిగొన్నవారిని మంచి పదార్థాలతో తృప్తిపరిచాడు, ధనవంతులను వట్టి చేతులతో పంపేశాడు. మొదటి సగం అందరూ సంతోషంగా పాడతారు. రెండో సగం పాటలో మిగిలిందా, ఎక్కడైనా జారిపోయిందా అన్నదే నేను చూసేది.

ఇంగ్లండ్ ఆంగ్లికన్ గురువు తిమోతి డడ్లీ-స్మిత్ 1961లో మరియ పాటను ఇంగ్లిష్ గీతంగా రాశారు. వాల్టర్ గ్రేటొరెక్స్ కట్టిన 'వుడ్‌లాండ్స్' బాణీలో నాలుగు గొంతులతో పాడితే ఒళ్లు పులకరిస్తుంది. అందులో గర్విష్ఠులు పారిపోతారు, ఆకలిగొన్నవారికి అన్నం దొరుకుతుంది, దీనులు పైకి లేస్తారు. ధనవంతుల ఊసు మాత్రం లేదు. ఎంత మంచి గీతమైనా ఆ ఒక్క లోటు నాకు పెద్దదిగానే కనిపిస్తుంది.

ఫ్రెడ్ కాన్ ఆ మాట వదల్లేదు. ఆయన 1929లో నెదర్లాండ్స్‌లో పుట్టారు. నాజీల ఆక్రమణ కాలంలో తాతలు, అమ్మమ్మ నానమ్మల్లో ముగ్గురు ఆకలితో చనిపోవడం చూశారు. తర్వాత ఇంగ్లండ్‌లోని ప్లిమత్‌లో పాస్టర్‌గా ఉన్నప్పుడు, తన ప్రసంగానికి సరిపోయే పాటలు పుస్తకంలో దొరకక తానే రాయడం మొదలుపెట్టారు. ఆయన రాసిన మరియ పాటలో ధనవంతుల వట్టి చేతులు అలాగే ఉన్నాయి. ఆకలి చావులను ఇంట్లో చూసిన మనిషి ఆ వాక్యాన్ని ఎలా మెత్తబరుస్తాడు? అమెరికన్ క్యాథలిక్ స్వరకర్త రోరీ కూనీ 1990లో మరియ పాటనే తన మాటల్లో ఐర్లాండ్ జానపద బాణీలో కట్టారు. ధనవంతుల మాట నేరుగా లేకున్నా రాజుల గద్దెలు కూలే భాగం చాలా బలంగా ఉంటుంది.

మరి వీటిని తెలుగు చేసుకోవచ్చు కదా? మేం ప్రయత్నించాం. కాన్ పాటలో పాదానికి ఎనిమిది అక్షరాలే పడతాయి. 'ధనవంతులను' అంటేనే ఆరు అయిపోయాయి. 'వట్టి చేతులతో' మరో ఆరు. మూడు రాత్రులు కూర్చున్నా ఒకటి పెడితే ఇంకోటి బయటికి వచ్చేది. చివరికి బాణీ కోసం కోసేసింది ఏమిటో చూసుకుంటే అదే మాట, ధనవంతుల మాట. కావాలని తీసింది కాదు, లెక్క కుదరక పోయింది. పైగా ఈ పాటలకు ఇంకా హక్కుదారులు ఉన్నారు, అచ్చు వేసుకోవాలన్నా రికార్డు చేయాలన్నా అనుమతి తెచ్చుకోవాలి. ఇంగ్లిష్ ఆరాధన ఉన్న గుడులైతే ఈ గీతాలు ఇంగ్లిష్‌లోనే పాడండి, కాన్‌ది కానీ కూనీది కానీ తీసుకోండి.

కీర్తనల మీద నాకు గౌరవం ఉంది. తెలుగు క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి (1803–1890) పాటలు వింటూనే పెరిగాను. కానీ మా క్వయర్‌లో పాడే పాత కీర్తనల్లో పాపం, సిలువ, రక్షణ ఉన్నంతగా కూలి, ఆకలి, గద్దెలు లేవు. రాగం తెలిసిన నలుగురు పాడితే మిగతావాళ్లు వింటారు. యూట్యూబ్‌లో ట్రాక్ పెట్టుకుని పాడే కొత్త పాటల్లో ఎక్కువ భాగం నేను, నా బాధ, నా ఆశీర్వాదం. ఈ ఆదివారానికి అవి పనికిరావు.

ఇక మూడో దారి, మా దారి. ఇందులో మాకు ధైర్యం ఇచ్చింది తమిళనాడు మనిషి, మదురై వేదాంత కళాశాలలో బోధించిన జె. థియోఫిలస్ అప్పావు (1940–2005). 'పరట్టై' అన్న పేరుతో పాటలు కట్టేవారు. ఒకే కుండలో వండుకుని అందరూ కలిసి తినడం ఆయన పాటల గుండెకాయ. కర్ణాటక సంగీతం పెద్ద కులాల గౌరవాన్ని మోసుకొస్తుందని, జానపద బాణీ అయితే పాడే పేదవాళ్లు దాన్ని తమకు కావలసినట్టు మార్చుకోగలరని ఆయన నమ్మకం. నాకు అన్నిటికంటే పెద్ద విషయం ఇదే. కూనీ చేసింది కూడా తన దగ్గరి జానపద బాణీని పట్టుకోవడమే కదా. వాళ్ల పాట తెచ్చుకోవడం కన్నా వాళ్లు పట్టిన దారి తెచ్చుకోవడం మేలనిపించింది.

నాట్లు వేసేటప్పుడు పాడే బాణీ ఒకటి తీసుకున్నాం. ఒకరు అందిస్తే మిగతావాళ్లు అందుకునేది. నేను రాసిన పాదం "ధనవంతులను వట్టి చేతులతో పంపెను." ప్రాక్టీసులో పత్తి ఏరబోయే ఒక అమ్మ రెండుసార్లు పాడి ఆగింది. మూడోసారి ఆమె నోట వచ్చింది ఇది: "ఉన్నోళ్లను ఉత్త చేతులతోని తోలిండు." ఎవరినీ అడగలేదు, బాణీ కూడా చెడలేదు. మేం మూడు రాత్రులు వెతికిన పాదం అది. ఆ ఆదివారం పుస్తకం చదవరాని ముసలమ్మలు కూడా గొంతెత్తారు.

డప్పు దగ్గర మాత్రం మేం ఆగిపోయాం. అప్పావు తమిళుల డప్పు పఱైని ఆరాధనలోకి తెచ్చారు కాబట్టి మనమూ డప్పు తెద్దామన్నాను. మా గుడి పెద్దాయన ఒకరు లేచారు. "మా నాయిన ఊర్ల ఎవలు సచ్చినా డప్పు కొట్టవోవాలె. పైసలియ్యకపోయేది. దాన్ని ఇడిసిపెట్టేతందుకే గుడికొచ్చినం. మళ్ల గుడిలకే తెస్తవా?" దీనికి నా దగ్గర జవాబు లేదు. క్రైస్తవులైన దళితులకు 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల ఎస్సీ హోదా లేక బీసీ-సి సర్టిఫికెట్టు పట్టుకు తిరుగుతున్న పిల్లలు డప్పు కావాలంటున్నారు, వెట్టి బాధ విన్న పెద్దలు వద్దంటున్నారు. ఇద్దరిదీ ఒకటే గాయం. కంజీర, తాళాలు, చప్పట్లతో పాడాం. మీ గుడిలో పెద్దలు ఒప్పుకుంటే డప్పుతోనే పాడండి. ఒప్పుకోకపోతే పట్టుబట్టకండి.

మీ ఊరి బాణీ ఎన్నుకునేటప్పుడు బతుకమ్మ బాణీ జోలికి పోతే గుడిలో గొడవవుతుంది. నాట్లు, కలుపు, దంపుడు పాటలకు ఆ ఇబ్బంది రాదు. రెండు నెలల ముందే మొదలుపెట్టండి. ముందు పాడి, తర్వాతే రాయండి.

ఈసారి బైబిల్లో ఆమోసు ప్రవక్త గ్రంథం ఐదో అధ్యాయం పట్టుకున్నాం, న్యాయం నీళ్లలా పారాలి, నీతి గొప్ప ప్రవాహంలా రావాలన్న వచనం. 'ప్రవాహం' ఎవరి నోటా పలకడం లేదు. "పాకాల మత్తడి దుంకినట్టు" అంది పత్తి ఏరే ఆ అమ్మే, అంటే పాకాల చెరువు నిండి అలుగు పారినట్టు. అందరికీ నచ్చింది. అయితే హీబ్రూలో ఆ మాటకు అర్థం ఎన్నడూ ఎండిపోని వాగు అని మా పాస్టర్ అయ్యగారు చెప్పారు. మత్తడి వానాకాలమే దుంకుతుంది. వచ్చే శనివారం ప్రాక్టీసులో మళ్లీ కూర్చుంటున్నాం.