బీఎస్సీ నర్సింగ్‌లో చేరబోయేవారు చూడవలసింది ఆసుపత్రిని

వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం పరిధిలోని ఒక ప్రైవేటు కళాశాలలో బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసిన అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను. కోర్సు మంచిదే. అయితే అందరికీ ఒకే పాఠ్యప్రణాళిక, ఒకే పరీక్షలు ఉన్నప్పటికీ, విద్యార్థికి పని వచ్చిందా లేదా అన్నది కళాశాల వెనుక ఉన్న ఆసుపత్రిలో రోగులు ఉన్నారా లేదా అన్నదాన్ని బట్టే తేలుతుంది.

నర్సింగ్ చదువులకు ప్రమాణాలు నిర్ణయించే ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021లో తెచ్చిన నిబంధనలతో నాలుగేళ్ల చదువు ఎనిమిది సెమిస్టర్లుగా మారింది. మొదటి ఏడాది అనాటమీ, ఫిజియాలజీ తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారిని గట్టిగానే ఇబ్బంది పెడతాయి. సైకాలజీ, సోషియాలజీ కాస్త శ్రద్ధ పెడితే గట్టెక్కేవే. ల్యాబులో మనిషి బొమ్మల మీద పక్క సర్దడం, స్పాంజ్ బాత్ ఇవ్వడం నేర్చుకున్న చేతులకు అసలు పరీక్ష వార్డులో మొదలవుతుంది. ఉదయమంతా పోస్టింగ్ (ఆసుపత్రిలో శిక్షణ డ్యూటీ), మధ్యాహ్నం తరగతులు, రాత్రి కేర్ ప్లాన్లు (రోగి సంరక్షణ ప్రణాళికలు), రికార్డులు: ఈ వరుసకు శరీరం అలవాటు పడేసరికి కొన్ని నెలలు పడుతుంది. హాజరు 80 శాతం తప్పనిసరి కాగా, క్లినికల్ హాజరు, అంటే ఆసుపత్రి డ్యూటీల హాజరు మాత్రం డిగ్రీ చేతికి వచ్చేలోగా నూటికి నూరు శాతం పూర్తి కావాలి; జ్వరంతో మానిన డ్యూటీని కూడా తరువాత చేసి తీరాల్సిందే.

కళాశాలకు అనుబంధంగా 100 పడకల సొంత ఆసుపత్రి (పేరెంట్ హాస్పిటల్) ఉండాలన్నది నిబంధన. మా కళాశాలకు అది కాగితం మీద ఉండేది. తనిఖీ జరిగే రోజుల్లో తప్ప ఆ పడకలు నిండేవి కావు. మేము నేర్చుకున్నదంతా ప్రభుత్వ ఆసుపత్రి పోస్టింగుల్లోనే, అదీ చాలావరకు సీనియర్ స్టాఫ్ నర్సుల పక్కన నిలబడి నేర్చుకున్నదే. అక్కడ మరో చిక్కు ఉంది: ప్రసూతి వార్డులో ఒక్క గర్భిణి చుట్టూ వైద్య విద్యార్థులు, జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా), ఏఎన్ఎం (సహాయక నర్సు కోర్సు) విద్యార్థులు, మేము గుమిగూడితే, చేసిన పనులు నమోదు చేసే లాగ్‌బుక్‌లో సంతకం దొరికినంత సులభంగా కాన్పు చేసే అవకాశం దొరకదు. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయంలోని పోస్టింగ్‌ను మాత్రం మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. మందు ఇచ్చే ముందు మనిషితో మాట్లాడాలన్న సంగతి నాకు అక్కడే ఒంటబట్టింది.

ఫీజు విషయంలో యూనిఫాం, బస్సు, హాస్టల్, రికార్డుల ఖర్చులు విడిగా ఉంటాయా అని అడిగి రాతపూర్వకంగా తీసుకోవడం, ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే సర్టిఫికెట్లు ఆపుతారా అన్నది ముందే తేల్చుకోవడం అవసరం. కళాశాల చూడటానికి వెళ్లినవారు భవనాన్ని, ల్యాబునూ చూసి తిరిగి రాకుండా, ఉదయం పది గంటల వేళ ఆసుపత్రి ఓపీలోకి, వార్డుల్లోకి వెళ్లి చూడాలి. వీలైతే చివరి ఏడాది విద్యార్థులతో మేడమ్‌లు లేనిచోట మాట్లాడాలి.

ప్రైవేటు ఆసుపత్రుల్లో తొలి జీతాలు చదివిన చదువుకు తగినట్టు ఉండవు కనుక చాలామంది జర్మనీ వైపు చూస్తున్నారు. విదేశీ ఉద్యోగాలకు పంపే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా అందుకు శిక్షణ ఇప్పిస్తోంది. ఆ ఆలోచన ఉన్నవారు జర్మన్ భాషను మూడో ఏడాదిలోనే మొదలుపెట్టడం మేలు, ఎందుకంటే ఎనిమిదో సెమిస్టరు మొత్తం ఇంటర్న్‌షిప్పే, వారానికి 48 గంటల డ్యూటీ తరువాత పుస్తకం తెరిచే ఓపిక మిగలదు.