పేరు ఒకటి, పుట్టుక ఇంకొకటి: ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ సమీక్ష

కంప్యూటర్ నెమ్మదించిందని టాస్క్ మేనేజర్ తెరిస్తే, విండోస్ తెర వెనక పనులను (సర్వీసులను) మోసే ఎస్‌వీసీహోస్ట్ (svchost) ప్రోగ్రాములు బారులు తీరి కనిపిస్తాయి. ఇన్నెందుకున్నాయి, వీటిలో వైరస్ ఏది అని గుండె గుభేలుమంటుంది. నిజానికి అన్ని ఉండటం మామూలే. 2017లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1703 నుంచి 3.5 జీబీ మించి ర్యామ్ ఉన్న మెషీన్లలో చాలా సర్వీసులకు దేని ఎస్‌వీసీహోస్ట్ దానికే నడుస్తోంది. కాబట్టి సంఖ్య చూసి భయపడక్కర్లేదు. అలాగని పేరు చూసి నమ్మడానికీ లేదు, ఎందుకంటే ఏ ఫైలుకు ఏ పేరైనా పెట్టుకోవచ్చు. ఫైలు ఎక్కడ ఉంది, దాన్ని ఎవరు మొదలుపెట్టారు, ఏ కమాండ్‌తో నడుస్తోంది, దానిపై ఎవరి డిజిటల్ సంతకం ఉంది అన్నవే అసలు ఆనవాళ్లు. ఈ నాలుగింటినీ ఒకే తెర మీద చూపించడమే మైక్రోసాఫ్ట్ వారి ఉచిత పనిముట్టు ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ గొప్పతనం.

దీన్ని తయారుచేసిన సిస్‌ఇంటర్నల్స్‌ను మార్క్ రసినోవిచ్, బ్రైస్ కాగ్స్‌వెల్ 1996లో మొదలుపెట్టారు, 2006లో మైక్రోసాఫ్ట్ కొనుక్కుంది. ఇన్‌స్టాల్ చేసే పని లేదు. జిప్ ఫైలు విప్పి, అందులో 64 బిట్ ఫైలును రైట్ క్లిక్ చేసి అడ్మినిస్ట్రేటర్‌గా నడపాలి. మామూలుగా నడిపితే సిస్టమ్ ప్రాసెస్‌ల (నడుస్తున్న ప్రోగ్రాముల) వివరాలు చాలావరకు ఖాళీగా వస్తాయి. అవి చూసి ఏదో దాస్తున్నారని అనుమానించేవాళ్లు ఎక్కువ. డౌన్‌లోడ్ మాత్రం మైక్రోసాఫ్ట్ సైటులోని సిస్‌ఇంటర్నల్స్ పేజీ నుంచే చేసుకోవాలి. వేరే చోట దొరికిన కాపీతో మాల్వేర్ వెతకడం మొదలుపెట్టకండి.

దీనితో మొదటి ఇబ్బంది ఏమిటంటే, తెరిచిన వెంటనే పనికొచ్చేవి కనిపించవు. కాలమ్‌ల శీర్షిక మీద రైట్ క్లిక్ చేసి, సెలెక్ట్ కాలమ్స్‌లో ఇమేజ్ పాత్, కమాండ్ లైన్, వెరిఫైడ్ సైనర్, ఆటోస్టార్ట్ లొకేషన్ పెట్టుకోవాలి. తర్వాత ఆప్షన్స్ మెనూలో వెరిఫై ఇమేజ్ సిగ్నేచర్స్‌కు టిక్ పెట్టాలి. ఒకసారి చేస్తే సెట్టింగులు నిలిచిపోతాయి. ఇంత ముఖ్యమైనవి ముందే పెట్టి ఇవ్వకపోవడం పెద్ద లోపమే. కొత్తవాళ్లు రంగులు చూసి, అర్థం కాక మూసేయడానికి కారణం ఇదే.

రంగుల్లో గులాబీ సర్వీసులది, లేత నీలం మీ లాగిన్ కింద నడిచేవాటిది. ఊదా రంగు ప్యాక్ చేసిన (కుదించి చుట్టిన) ఫైళ్లకు వస్తుంది. మాల్వేర్ తరచూ ప్యాక్ అయి ఉంటుంది కానీ, మంచి ప్రోగ్రాములు కూడా సైజు తగ్గించడానికో కోడ్ దాచుకోవడానికో ప్యాక్ చేస్తాయి. ఊదా కనిపిస్తే చూపు అక్కడ ఆపండి, అంతవరకే.

ఏది దేన్ని మొదలుపెట్టిందో చెబుతూ ఎడమవైపు చెట్టు ఆకారంలో కనిపించే తల్లీ పిల్లల వరుసకు మాత్రం కాస్త సమయం ఇవ్వాలి. అసలైన ఎస్‌వీసీహోస్ట్ మామూలుగా సర్వీసెస్ అనే ప్రాసెస్ కింద ఉంటుంది. దాని ఫైలు విండోస్ ఫోల్డర్ లోపలి సిస్టమ్32లో ఉంటుంది, కమాండ్ లైన్‌లో హైఫన్ కె, ఆ వెనక గ్రూపు పేరు ఉంటాయి. సంతకం మైక్రోసాఫ్ట్ విండోస్ పబ్లిషర్‌ది. అదే పేరుతో యాప్‌డేటాలోనో టెంప్ ఫోల్డర్‌లోనో ఫైలు ఉండి, వర్డ్ కిందో బ్రౌజర్ కిందో నడుస్తూ, కమాండ్ లైన్‌లో పేరు తప్ప ఏమీ లేకపోతే అది నకిలీయే, ఇంక సందేహం అక్కర్లేదు. లాగిన్‌లను సరిచూసే ఎల్‌సాస్ (lsass) ఒక్కటే ఉండాలి, విండోస్ మొదలయ్యేటప్పుడు నడిచే విన్‌ఇనిట్ కింద ఉండాలి. రెండోది కనిపిస్తే ఆ పేరును అక్షరం అక్షరం చదవండి. మొదట్లో చిన్న ఎల్‌కు బదులు పెద్ద ఐ వేస్తే చాలా ఫాంట్లలో తేడా తెలియదు. ఎస్‌వీసీహోస్ట్‌లో వీ, సీ తారుమారు చేయడం, ఓ స్థానంలో సున్నా పెట్టడం పాత ఎత్తులే, ఇప్పటికీ నడుస్తున్నాయి.

ఇక్కడే తప్పుడు అనుమానాలూ పుడతాయి. విండోస్ సొంత ప్రాసెస్ సీఎస్‌ఆర్‌ఎస్‌ఎస్ సెషన్‌కు ఒకటి చొప్పున ఉంటుంది కాబట్టి రెండు కనిపించడం సహజం. దాన్ని మొదలుపెట్టిన ఎస్‌ఎంఎస్‌ఎస్ కాపీ పని ముగించుకుని వెళ్లిపోతుంది గనక చెట్టులో తల్లి లేకుండా నిలబడి ఉంటుంది. డెస్క్‌టాప్‌ను చూపించే విండోస్ ఎక్స్‌ప్లోరర్‌దీ అదే కథ, దాన్ని పుట్టించిన యూజర్‌ఇనిట్ వెంటనే మాయమవుతుంది. ఇంకో మాట, ఎక్స్‌ప్లోరర్ ఉండాల్సిన చోటు నేరుగా విండోస్ ఫోల్డరే, సిస్టమ్32 కాదు. విండోస్ సొంత 32 బిట్ ప్రోగ్రాములు సిస్‌వావ్64 ఫోల్డర్ నుంచి నడుస్తాయి, అదీ సక్రమమే. రిజిస్ట్రీ, మెమరీ కంప్రెషన్, సెక్యూర్ సిస్టమ్ లాంటి వరుసలకు డిస్కు మీద మామూలు ప్రోగ్రాము ఫైలు ఉండదు కాబట్టి సంతకం గడి ఖాళీగా ఉంటే కంగారు వద్దు.

సంతకం విషయంలో ఈ పనిముట్టు ఫైలు ప్రాపర్టీస్ కన్నా చాలా మెరుగు. విండోస్ సొంత ఫైళ్లలో ఎన్నిటికో సంతకం ఫైలులో కాకుండా విడిగా ఒక క్యాటలాగ్‌లో ఉంటుంది. అలాంటి ఫైలును రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూస్తే డిజిటల్ సిగ్నేచర్స్ ట్యాబే కనిపించదు. దాంతో శుభ్రమైన ఫైలునే నకిలీ అనుకుని తీసేసినవాళ్లున్నారు. ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ క్యాటలాగ్‌లు కూడా వెతికి చెబుతుంది. కంపెనీ నేమ్ కాలమ్‌ను మాత్రం సాక్ష్యంగా తీసుకోకండి. అది ఫైలు తయారుచేసినవాడు తనకు తోచింది రాసుకునే చోటు. మైక్రోసాఫ్ట్ అని అక్కడ ఉండి, వెరిఫైడ్ సైనర్‌లో సంతకం లేదని వస్తే ఆ రెంటి మధ్య తేడాయే మీకు కావాల్సిన ఆధారం. సంతకం ఉన్నంత మాత్రాన కూడా పూర్తి నమ్మకం పనికిరాదు. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ అనే మాల్వేర్ డ్రైవర్లు దొంగిలించిన సర్టిఫికెట్లతో సంతకం చేసినవే.

2014 నుంచి, చాలా యాంటీవైరస్ ఇంజిన్లతో ఒకేసారి చూసే వైరస్‌టోటల్ సైటు పరీక్ష కూడా ఇందులోనే ఉంది. ఆప్షన్స్ మెనూలో ఆన్ చేస్తే ఫైలు వెళ్లదు, దాని వేలిముద్ర లాంటి హ్యాష్ మాత్రమే వెళుతుంది. తెలియని ఫైళ్లను పంపే ఆప్షన్ విడిగా ఉంది, ఆఫీసు మెషీన్లలో దాని జోలికి పోవద్దు. ఫలితంలో డెబ్బై చిల్లర ఇంజిన్లలో ఒక్కటి ఎర్రగా చూపిస్తే చాలాసార్లు తప్పుడు అలారమే. ఆ అంకె మీద క్లిక్ చేసి ఏ ఇంజిన్, ఏ పేరు పెట్టిందో చదవాలి. అన్‌నోన్ అని వస్తే నిర్దోషి అని అర్థం కాదు, ఆ ఫైలును వాళ్లింకా చూడలేదని అర్థం.

ఇక కష్టమైన సంగతి. పేరు, చోటు, తల్లి, సంతకం అన్నీ సరిగ్గా ఉండి కూడా లోపల దొంగ ఉండొచ్చు. 2008లో మొదలైన కాన్‌ఫికర్ అనే మాల్వేర్ ఒక డీఎల్‌ఎల్‌గా (ప్రోగ్రాములు తమలోకి లోడ్ చేసుకునే కోడ్ ఫైలుగా) అసలైన ఎస్‌వీసీహోస్ట్‌లోనే కూర్చుంది. ఇలాంటప్పుడు కంట్రోల్ డి నొక్కి కింది పేన్‌లో డీఎల్‌ఎల్‌ల జాబితా తెరవండి, అక్కడ కూడా వెరిఫైడ్ సైనర్ కాలమ్ పెట్టుకుని సంతకం లేనివాటి చిరునామా చూడండి. ప్రాసెస్ మీద డబుల్ క్లిక్ చేస్తే వచ్చే సర్వీసెస్ ట్యాబ్ ఆ ఎస్‌వీసీహోస్ట్ ఏ సర్వీసును మోస్తోందో చెబుతుంది. రన్‌డీఎల్‌ఎల్32, పవర్‌షెల్, డబ్ల్యూస్క్రిప్ట్ లాంటివి ఇతర కోడ్‌ను నడపడానికి విండోస్‌తో వచ్చే అసలైన ఫైళ్లే. వాటికి ఏ పని అప్పగించారో కమాండ్ లైన్ చెబుతుంది. ఎన్‌కోడ్ చేసిన పొడవాటి తీగలాంటి కమాండ్‌తో పవర్‌షెల్ దాక్కుని నడుస్తుంటే తల్లి ప్రాసెస్ దాకా వెళ్లి చూడాల్సిందే.

ప్రాసెస్ హాలోయింగ్ ఇంకా గడుసైనది. అసలు ప్రోగ్రామును ఆపిన స్థితిలో మొదలుపెట్టి, మెమరీలో దాని కోడ్ తీసేసి సొంత కోడ్ పెడతారు. సంతకం పరీక్ష డిస్కు మీది ఫైలుకే జరుగుతుంది గనక పాస్ అవుతుంది. స్ట్రింగ్స్ ట్యాబ్‌లో ఇమేజ్, మెమరీ అనే రెండు బటన్లను మార్చి మార్చి చూస్తే రెంటి మధ్య పొంతన లేకపోవడం బయటపడొచ్చు. ఓపిక కావాలి, అనుభవమూ కావాలి. తల్లి ప్రాసెస్‌ను అబద్ధంగా చూపించే పద్ధతులూ ఉన్నాయి. విండోస్ గుండెకాయ లాంటి కెర్నల్‌లో దాక్కునే మాల్వేర్ (రూట్‌కిట్) అయితే ఈ జాబితాలోకే రాకపోవచ్చు, అప్పుడు బయటి బూట్ డిస్కుతో స్కాన్ చేయడమే దారి.

దీనికి చరిత్ర ఉండదన్నది ఇంకో లోటు. క్షణంలో పుట్టి పోయే ప్రాసెస్ ఆకుపచ్చగా మెరిసి ఎర్రగా ఆరిపోతుంది. ఆ మెరుపు వ్యవధి మామూలుగా ఒక్క సెకనే, ఆప్షన్స్‌లో డిఫరెన్స్ హైలైట్ డ్యూరేషన్ పెంచుకోండి. పూర్తి రికార్డు కావాలంటే ఇదే కుటుంబంలోని ప్రాసెస్ మానిటర్ వాడాలి. తెర మీద హఠాత్తుగా వచ్చిన అనుమానపు విండో ఎవరిదో తెలుసుకోవడానికి మాత్రం ఇంతకన్నా సులువైనది లేదు: టూల్‌బార్ మీది గురి గుర్తును ఆ విండో మీదికి లాగి వదిలితే దాని ప్రాసెస్ జాబితాలో ఎంపికవుతుంది.

దొంగ దొరికాక ముందు నెట్‌వర్క్ తెంచండి. కిల్ చేయడానికి తొందరపడొద్దు. రెండు ప్రాసెస్‌లు ఒకదాన్నొకటి కనిపెట్టుకుని ఉంటే ఒకటి చచ్చిన వెంటనే రెండోది దాన్ని మళ్లీ లేపుతుంది. రెంటినీ రైట్ క్లిక్ చేసి సస్పెండ్ చేయండి, పాత్, కమాండ్ లైన్, ఆటోస్టార్ట్ లొకేషన్ రాసుకోండి, ఆ తర్వాతే కిల్ చేయండి. గురి తప్పి అసలైన సీఎస్‌ఆర్‌ఎస్‌ఎస్‌నో విన్‌ఇనిట్‌నో చంపితే బ్లూ స్క్రీన్ వస్తుంది, కాబట్టి పాత్ ఇంకోసారి చదివాకే నొక్కండి. కంప్యూటర్‌తో పాటు వాటంతటవే మొదలయ్యేవాటిని చూపే సిస్‌ఇంటర్నల్స్ పనిముట్టు ఆటోరన్స్‌లో దాని ఎంట్రీకి టిక్ తీసేసి, ఫైలును తొలగించి, రీబూట్ చేసి మళ్లీ అదే జాబితా చూడండి. అది పాస్‌వర్డులు కాజేసే రకమని తేలితే, వాటిని శుభ్రంగా ఉన్న వేరే పరికరం నుంచి మార్చండి, ఈ కంప్యూటర్ నుంచి కాదు.