జూపార్కు పక్కన ఎనిమిదేళ్ల కాపురం

ఇల్లు మారిన మొదటి వారం. రాత్రి పదకొండున్నరకి కరెంటు పోయి ఫ్యాన్ ఆగింది. అప్పుడు వినిపించింది, కడుపులోంచి తోసుకొచ్చే అరుపు, ఆగి ఆగి. ఎదురింటి పెద్దమ్మ గోడ మీంచి, "సింహంలేమ్మా, రోజూ అరస్తానే ఉంటాది. పడుకో" అంది. ఇప్పుడు మా ఇంటికొచ్చే చుట్టాలకి ఆ మాట నేను చెబుతున్నాను.

తిరుపతిలో చెర్లోపల్లి వైపు ఇల్లు వెతికితే బ్రోకర్ ముందుగా చెప్పేది శ్రీ వేంకటేశ్వర జూపార్కు గురించే. 1987లో పెట్టారు, 5,532 ఎకరాలు. టికెట్ కొని తిరిగేది అందులో కొంతే. మిగతాది శేషాచలం కింది అడవి. మాకు పనికొచ్చింది ఆ మిగతాదే. మేడ మీద నిలబడితే అటువైపు ఒక్క అపార్ట్‌మెంటూ అడ్డం రాదు. ఇకముందూ రాదు. జూలోపలికి మాత్రం ఇన్నేళ్లలో నాలుగుసార్లు వెళ్లుంటాం, అదీ చుట్టాల పుణ్యమా అని.

చెట్ల పక్కన చల్లగా ఉంటుందని ఏసీ లేకుండా వచ్చాం. మే నెలలో కొండరాయి పగలంతా కాగి, రాత్రి తొమ్మిదైనా సెగ కొడుతూనే ఉంటుంది. రెండో వేసవికి పెట్టించాం. నవంబరు వానలప్పుడు మాత్రం ఇక్కడ ఉండి తీరాలి.

అసలు టెన్షన్ చిరుత. జూలోంచి తప్పించుకున్నదేమో అని ఊళ్లో వాళ్లు అడుగుతారు, కాదు, అడవిదే. మా వీధి చివర ఎవరో కోడి వ్యర్థాలు పారబోయడం మొదలుపెట్టారు. కుక్కలు మూగాయి. వాటి వెనకే అదీ వచ్చింది. ఓ పొద్దున పక్క స్థలంలో తడి ఇసుక మీద పాదం గుర్తు చూశాను, దాదాపు నా అరచేయంత. గోళ్ల గీతల్లేవు. కుక్కదైతే గోళ్లు పడతాయి, చిరుత నడిచేటప్పుడు లోపలికి ముడుచుకుంటుంది. ఆ రోజునుంచి ఆరు దాటితే పిల్లలు ఇంట్లోనే. క్రికెట్ పోయిందని మావాడికి ఇంకా కోపమే. చెత్త గురించి రెండుసార్లు అర్జీ ఇచ్చాం, ఎత్తారు, మళ్లీ పడింది.

ఆదివారాలు రోడ్డు మీద కార్లు, అంతే.

ఇటు ఇల్లు చూడాలనుకుంటే పొద్దున రాకండి, అప్పుడన్నీ బాగానే కనిపిస్తాయి. రాత్రి ఎనిమిదింటికి రండి. వీధి చివరి దీపం వెలుగుతోందా, దాని కింద ఏం పడేశారో చూసుకుని అడ్వాన్సు ఇవ్వండి.