ప్లైవుడ్ పడవకు టేకు బద్దలు, రబ్బరు అంచు: ఏళ్ళ వాడకం తర్వాత

ప్లైవుడ్ పడవ పాడవడం అంచు దగ్గరే మొదలవుతుంది. పొరల చివర్లన్నీ అక్కడే ఉంటాయి. రాపిడికి ఎపాక్సీ (గట్టిపడే రెసిన్) పూత లేచిందంటే నీరు నేరుగా లోపలికి దిగుతుంది. మేం ఇంటి దగ్గర కట్టుకున్న పడవ ఐఎస్ 710 (మెరైన్ ప్లైవుడ్‌కు భారతీయ ప్రమాణం) మెరైన్ ప్లైతో చేసింది. యానాం దగ్గర గౌతమి పాయలో తిరుగుతుంది. అక్కడ పోటూ పాటూ రోజుకు రెండేసి సార్లు ఉంటాయి కాబట్టి, రేవులో కట్టేసినా కాంక్రీటు మెట్లకు రాసుకుంటూ లేస్తుంది, దిగుతుంది. ఇన్నేళ్ళు వాడాక నేను గట్టిగా చెప్పేది ఒకటే: రాపిడి పడవకు తగలకుండా అంచు వెంబడి వేసే రక్షణ బద్దను, అరిగిపోతే విప్పి మార్చుకునేలా బిగించండి.

మేం రెండు వరసలు వేశాం. లోపలిది 12 మి.మీ. టేకు బద్ద, ఎపాక్సీతో శాశ్వతంగా అంటించాం. టేకులో నూనె ఉంటుంది కనుక ముందు ఎసిటోన్‌తో తుడవాలి. పలచనిది కావడంతో ముక్కు దగ్గర కూడా ఆవిరి పెట్టకుండానే వంగింది. పొడవు చాలని చోట మందానికి 8 రెట్లు పొడవుండే వాలు అతుకు (రెండు చివర్లనూ ఏటవాలుగా కోసి అంటించేది) వేశాం. ఇప్పటికీ విడలేదు. బయటి బద్దకు మాత్రం స్క్రూలే, వెనక నీరు దూరకుండా పాలీసల్ఫైడ్ సీలెంట్. పాలీయురేథేన్ జిగురు వద్దు, బద్ద తీసేటప్పుడు ప్లై పొర కూడా ఊడి వస్తుంది. స్క్రూ బెజ్జాల లోపల కూడా ఎపాక్సీ పట్టించండి.

అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసింది బయటి బద్ద కింది అంచును ఏటవాలుగా చిత్రిక పట్టడం. చదునుగా వదిలేస్తే, పాటుకు నీరు తగ్గేటప్పుడు బద్ద మెట్టు మీద ఆనుకుని పడవ ఓ పక్కకు వేలాడుతుంది. పక్కన కట్టిన పడవ అలాగే ఒరిగి నీళ్ళు ఎక్కించుకుంది. దాన్ని నిలబెట్టేదాకా అందరికీ టెన్షనే. వాలు ఉంటే మెట్టు మీంచి జారి దిగిపోతుంది.

స్క్రూలు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువే కొనండి. ఇత్తడివైతే ఉప్పునీటిలో జింకు పోయి, ఎర్రబారి, పెళుసుగా విరుగుతాయి. 304 రకం స్టీలు చవకే కానీ, తడి చెక్కలో ఉండేసరికి తుప్పు మరకలు దిగుతాయి.

బద్ద మీద డి ఆకారపు రబ్బరు కూడా వేశాం. మొదట వేసిన మామూలు రబ్బరు ఎండకు పగుళ్ళిచ్చింది. తర్వాత తెచ్చిన ఈపీడీఎం రకం (ఎండను తట్టుకునే కృత్రిమ రబ్బరు) బాగా ఆగింది. రబ్బరు వెనక నీరు నిలవడం మాత్రం నాకు నచ్చలేదు. అందుకే ఇప్పుడు ముక్కుకీ, వేరే పడవలు వచ్చి ఆనే నడిమి భాగానికీ మాత్రమే ఉంచాం, మిగతాదంతా వట్టి టేకే. దెబ్బలు కనిపిస్తాయి కానీ చెక్క త్వరగా ఆరుతోంది.

చెరువులోనో పంట కాలువలోనో తిప్పుకునే చిన్న పడవకు రబ్బరు అవసరం లేదు. టేకు ఖరీదనుకుంటే బాగా ఆరిన తుమ్మ బద్ద వేసుకోవచ్చు, బరువు కాస్త పెరుగుతుందంతే.